మావారి చేతికో స్క్రూడ్రైవరు

ఆ రోజు పొద్దున్న కాఫీ గ్లాసు మావారి చేతిలోంచి జారిపోయింది. స్టీలు గ్లాసు కాబట్టి పగల్లేదు గానీ, కాఫీ అంతా పేపరు మీద పడింది. "మరీ వేడిగా ఇచ్చావు" అన్నారు. వేడిగా లేదు. కలిపింది నేనే కదా, నాకు తెలుసు.

అంతకుముందు నుంచే కొన్ని గమనిస్తున్నాను. అర్ధరాత్రి లేచి కూర్చుని కుడి చెయ్యి విదిలించుకోవడం. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోవడం. పెళ్లయిన నాటి నుంచీ ఆవకాయ జాడీ మూత బిగుసుకుపోతే ఆయనకిచ్చేదాన్ని. ఈ మధ్య ఆయన సీసా మూత నాకిస్తున్నారు. అడిగితే, "తిమ్మిరి, అంతే. నువ్వు దాన్ని పెద్ద రోగం చెయ్యకు" అని కొట్టిపారేసేవారు.

మావారికి మిక్సీలు, గ్రైండర్లు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే చిన్న షాపు ఉంది. ఇరవై ఆరేళ్ల షాపు. మా అబ్బాయి చదువు, ఈ రెండు గదుల ఇల్లు, అత్తయ్యగారి మందులు, అన్నీ ఆ షాపులోంచి వచ్చినవే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ కుడి మణికట్టులోంచి వచ్చినవి. అందుకే గ్లాసు జారిన రోజు నేను పేపరు తుడుస్తూ ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం బలవంతంగా ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

మణికట్టు దగ్గర సన్నటి దారిలోంచి ఒక నరం చేతిలోకి వెళ్తుందట. అక్కడ అది నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రిపూట ఎక్కువవుతుంది. డాక్టరుగారు రాత్రి కట్టుకోవడానికి పట్టీ రాసిచ్చి, "మణికట్టు వంచి బలంగా తిప్పే పని తగ్గించండి. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం" అన్నారు.

"అదే నా పని డాక్టరుగారూ" అన్నారు మావారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆటోలో ఇంటికొచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

బెంగళూరు నుంచి మావాడు ఫోన్ చేసి, "షాపు మూసేయండి నాన్నా, నేనున్నానుగా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. కానీ ఆ మాట విన్న తర్వాత రెండు రోజులు ఆయన అన్నం కలుపుకున్న తీరు చూసి నాకు భయమేసింది. యాభై రెండేళ్ల మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతారో మా మామయ్యగారిలో చూశాను నేను.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా ఇంటి కిటికీలకు కర్టెన్ రాడ్లు బిగించడానికి వచ్చిన కుర్రాడు మిషన్‌తో స్క్రూలు జుయ్యిమని దించేశాడు. అలాంటిది ఒకటి మావారికి కొనిస్తే? నా దగ్గర చీటీ పాట డబ్బులున్నాయి. ఆయనకు చెప్పకుండా ఫోన్లో వెతికాను.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఆడవాళ్లం మిక్సీ కొనేటప్పుడు ఏం చూస్తాం? ఐదు వందల వాట్లు కంటే ఏడు వందల యాభై మంచిది అనుకుంటాం. నేనూ అదే లెక్క వేశాను. 3.6 వోల్టుల చిన్న స్క్రూడ్రైవర్లు కనబడ్డాయి, 12 వోల్టుల డ్రిల్ మిషన్లు కనబడ్డాయి. చిన్నవాటి బలం 5 న్యూటన్ మీటర్లు అని రాసుంది, పెద్దదానికి 30. ధరలో తేడా వెయ్యి రూపాయలు. వెయ్యి రూపాయలకు ఆరింతల బలం! ఇంకేం ఆలోచిస్తాను? తెలుగు బీఏ చదివినదాన్ని, న్యూటన్ మీటరంటే ఏమిటో కూడా అడగకుండా పెద్దది ఆర్డరు పెట్టేశాను.

పెట్టె విప్పినప్పుడు ఆయన మొహంలో సంతోషం కంటే ఇబ్బందే కనబడింది. "మెషిన్ పెట్టి స్క్రూ తిప్పేవాడు మెకానిక్కా? కస్టమరు చూస్తే ఏమనుకుంటాడు?" అన్నారు. అయినా నా మాట కాదనలేక షాపుకి పట్టుకెళ్లారు.

సాయంత్రం తొందరగా ఇంటికొచ్చేశారు. సంచిలోంచి ఎదురింటి పిన్నిగారి మిక్సీ తీసి బల్ల మీద పెట్టారు. అడుగున స్క్రూ దిగే చోట ప్లాస్టిక్ చీలిపోయి ఉంది. జుయ్యిమని దిగింది, స్క్రూ తల ఆనింది, మిషన్ ఆగలేదు, టప్పుమంది. మిషన్ ఒక్క కుదుపు కుదిపేసరికి ఆయన మణికట్టు కూడా మెలిపడింది. దాని మెడ దగ్గర అంకెలున్న రింగు ఉంది. ఎంత బిగువు దగ్గర ఆగాలో ఆ రింగు చెబుతుందట. మేమిద్దరమూ దాన్ని చూడనేలేదు. అది చివరన ఉండే డ్రిల్లు గుర్తు మీదే ఉంది. అంటే ఎక్కడా ఆగకు, తిరుగుతూనే ఉండు అని.

పిన్నిగారి మిక్సీ ఆవిడ కూతురు పుట్టినప్పుడు కొన్నది. ఆ మోడల్ ఇప్పుడు రాదు. మావారు రెండు రోజులు తిరిగి పాత సామాన్ల షాపులో అలాంటి బాడీ సంపాదించి, తన డబ్బుతోనే మార్చి ఇచ్చారు. పిన్నిగారికి విషయం చెప్పేశారు కూడా. దాచలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, నేను డబ్బులు పెట్టి మరీ కొన్నది అదే.

ఆ రాత్రి పట్టీ కట్టుకుంటూ ఆయన ఒక మాటన్నారు. "స్క్రూ బిగిసిందని నా చేతికి తెలుస్తుందే. అదెలా తెలుస్తుందో నేను చెప్పలేను. దానికి తెలీదు."

ఆయన పెట్టుకునే అన్నం క్యారేజీలో ఏ గిన్నె కింద ఉండాలో ఏది పైన ఉండాలో నాకు తెలుసు. ఆయన చేతులు షాపులో రోజంతా ఏం చేస్తాయో మాత్రం పాతికేళ్ల కాపురంలో ఒక్కసారీ కూర్చుని చూడలేదు. మర్నాడు క్యారేజీ ఇచ్చి వెనక్కి రాకుండా అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాత డైరీ తీసుకుని లెక్క రాశాను. విప్పిన స్క్రూకి ఒక గీత, బిగించిన దానికి ఒక గీత. సాయంత్రానికి మూడు మిక్సీలు, రెండు ఫ్యాన్లు, ఒక ఇస్త్రీపెట్టె అయ్యాయి. గీతలు నూట పద్దెనిమిది. ఒక్కో స్క్రూకి చెయ్యి పది మెలికలైనా తిరుగుతుంది. అంటే భోజనం నుంచి సాయంత్రం దీపాల వేళ దాకా వెయ్యికి పైగా మెలికలు. ఆ లెక్క చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయారు.

లెక్క ఒకటే కాదు, ఇంకొన్ని చూశాను. మిక్సీ అడుగున స్క్రూలు పైకి కనబడవు. కొన్ని రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి, కొన్ని సన్నటి లోతైన గొట్టం లాంటి రంధ్రంలో అడుగున ఉంటాయి. తుప్పుపట్టిన స్క్రూని మొదటి మెలిక తిప్పడమే కష్టం, ఆ తర్వాత అది గాలిలా వచ్చేస్తుంది. ప్లాస్టిక్‌లో స్క్రూ మళ్లీ బిగించేటప్పుడు ఆయన ముందు వెనక్కి తిప్పుతారు. టిక్కుమని చిన్న చప్పుడవుతుంది. స్క్రూ పాత గాడిలో పడిందన్నమాట. అప్పుడు ముందుకి తిప్పుతారు. అలా చెయ్యకపోతే స్క్రూ కొత్త గాడి కోసుకుంటుంది, రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే ఇక పట్టు ఉండదు. ఇరవై ఆరేళ్లలో ఆయన బాగుచేసిన మిక్సీల అడుగులు ఊడిపోకపోవడానికి కారణం ఆ టిక్కు.

"మరి ఇందులో మీ చెయ్యి తప్పకుండా చెయ్యాల్సిందేది? ఊరికే తిప్పడమేది?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించారు. మొదటి మెలిక, ఆ టిక్కు, చివరి బిగువు తనవన్నారు. మధ్యలో తిప్పేదంతా ఎవరు తిప్పినా ఒకటేనన్నారు.

మాకు కావలసిన వస్తువు ఏమిటో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ మధ్యలోది మాత్రం చేసి, రెండు చివర్లూ ఆయనకు వదిలేసేది కావాలి.

ఆ రాత్రి మావాణ్ణి ఫోన్లో న్యూటన్ మీటరంటే ఏమిటో అడిగాను. వాడు నాకర్థమయ్యేలా చెప్పాడు. మీటరు పొడుగు కర్ర ఒక కొసన పట్టుకుని, రెండో కొసకి వంద గ్రాముల చింతపండు పొట్లం వేలాడదీస్తే పట్టుకున్న చోట పడే మెలిబలం దాదాపు ఒక న్యూటన్ మీటరు. ఐదంటే అరకిలో పొట్లం. ముప్ఫై అంటే మూడు కిలోలు. మిక్సీ ప్లాస్టిక్‌లో దిగే చిన్న స్క్రూకి చాలాసార్లు వంద గ్రాముల పొట్లమే చాలు. నేను దాని మీద మూడు కిలోలు పెట్టాను. చీలక ఏమవుతుంది?

వాడే ఇంకో సంగతీ చెప్పాడు. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు అసలు ఫ్యాక్టరీల్లో మిషన్లతో బిగించడానికి వీలుగా ఉంటాయనే వాడకంలోకి వచ్చాయట. 1936లో అమెరికాలో కాడిలాక్ కార్ల తయారీలో వాటిని మొదలుపెట్టారట. ఇది వినగానే ఆయన దగ్గరికి పరుగెత్తాను. "మెషిన్ పెట్టి తిప్పేవాడు మెకానిక్కా అన్నారుగా, ఆ స్క్రూ పుట్టిందే మెషిన్ కోసమట" అన్నాను. ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత.

సోమవారం షాపు మూసి ఇద్దరం రాణీగంజ్ వెళ్లాం. పనిముట్ల షాపులన్నీ అక్కడే కదా. సంచిలో చీలిపోయిన ఆ మిక్సీ అడుగు, నాలుగు స్క్రూలు పెట్టుకున్నాను. పట్టుచీర కొనడానికి వెళ్లేటప్పుడు జాకెట్టు ముక్క పట్టుకెళ్లమా? అలాగే. షాపతను ముందు నవ్వాడు గానీ, తర్వాత ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు.

మేం ఏమేం చూశామో రాస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా పనికిరావచ్చు.

మొదటిది, ఎంత తక్కువ దగ్గర ఆగగలదో చూశాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది ఎక్కువ బలం ఎంతో. మాకు కావలసింది దానికి అవతలి చివర. రింగు ఒకటి మీద పెట్టి, పాత మిక్సీ అడుగులో స్క్రూ దించితే తల ఆనగానే టకటకమని జారిపోయి ఆగాలి. మూడింటిలో ఒకటి ఆగలేదు. అసలు రింగే లేనిది ఇంకొకటి, ధర తక్కువ. రెండూ పక్కన పెట్టేశాం.

రెండోది, ఆకారం. తుపాకీలా వంకర పిడి ఉన్నవి గోడకి స్క్రూ బిగించడానికి హాయిగా ఉంటాయి. బల్ల మీద పెట్టిన మిక్సీలోకి పైనుంచి కిందికి బిగించాలంటే మాత్రం మణికట్టు వంచాల్సి వస్తుంది. డాక్టరుగారు వద్దన్నది సరిగ్గా అదే. నిలువుగా టార్చిలైటులా ఉండేది పట్టుకుంటే మణికట్టు తిన్నగా ఉంది. నేను కొన్న 12 వోల్టులది రింగు ఒకటి మీద పెట్టి వాడొచ్చు కదా అని అడిగాను. వాడొచ్చు గానీ అది కిలోకి దగ్గర బరువు, వంకర పిడి. నిలువుది 280 గ్రాములు.

మూడోది మీట. రోజంతా చూపుడువేలితో నొక్కి పట్టుకునేది ఆయన తిమ్మిరి వేలికి పనికిరాదు. స్క్రూ మీద ఆనించి కొంచెం నొక్కితే దానంతటదే తిరిగేది దొరికింది. అది చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం చూసి నేను బేరం ఆడటం మానేశాను. అది అతనికి తెలిసిపోయింది, తగ్గించలేదు.

నాలుగోది బిట్లు. మిషన్‌తో వచ్చే చిన్న బిట్లు మిక్సీ అడుగు లోతుకి అందవు. మధ్యలో గొట్టం తగిలించి పొడుగు చేద్దామంటే ఆ గొట్టం లావు, సన్నటి రంధ్రంలో దూరదు. అందుకని ఒంటి ముక్కగా సన్నగా పొడుగ్గా ఉన్న బిట్లు విడిగా తీసుకున్నాం. వెనక భాగం పావు అంగుళం ఆరు పలకలది ఉంటే ఏ కంపెనీదైనా సరిపోతుంది. కొసకి అయస్కాంతం ఉంటే స్క్రూ లోపల పడిపోదు. బిట్టు స్క్రూ తలలో వదులుగా ఉంటే జారి తల అరిగిపోతుంది కాబట్టి రెండు మూడు సైజులు కొన్నాం.

ఐదోది, మిషన్ ఆపి ఉన్నప్పుడు దాన్నే మామూలు స్క్రూడ్రైవరులా చేత్తో తిప్పే వీలు. లోపలి ఇరుసు బిగుసుకుని ఉండాలి, గిర్రున తిరక్కూడదు. ఆయన టిక్కు, ఆయన చివరి బిగువు దీని మీదే ఆధారం. దీన్ని పెట్టె మీద చూసి తెలుసుకోవడం కష్టం, చేత్తో తిప్పి చూడాల్సిందే.

బ్యాటరీ ఊడదీసి మార్చుకునేది అయితే మంచిదని షాపతను అన్నాడు. రోజంతా ఆగకుండా వాడేవాళ్లకి అది నిజమే. మాకు భోజనం వేళ ఉంది, రాత్రి ఉంది. లోపలే ఉండి ఫోన్ ఛార్జరు లాంటి తీగతో ఎక్కేది చాలనుకున్నాం. జీఎస్టీ బిల్లు, గ్యారంటీ కార్డు అడిగి తీసుకున్నాను. కంపెనీ పేరు రాయను, ప్రకటన అనుకుంటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇలాంటి వాటికి కొస ఇనుమే, కరెంటు తగలకుండా కాపాడే తొడుగు ఉండదు. ప్లగ్గు పీకి, ఫ్యానయితే కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు కూడా పోయాకే దీన్ని లోపల పెట్టాలి. మావారికి నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉత్సాహంగా స్విచ్‌బోర్డు విప్పే మగపిల్లలున్న తల్లుల కోసం రాశాను.

ఇది జరిగి ఐదు నెలలయింది. చెయ్యి పూర్తిగా బాగయిపోయిందని రాస్తే అబద్ధం. ఇప్పటికీ రాత్రి పట్టీ కట్టుకుంటారు. ఎక్కువ పని పడిన రోజు తిమ్మిరెక్కుతుంది. కానీ నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునే రాత్రులు తగ్గాయి. డాక్టరుగారు ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. పట్టీ వల్ల ఎంత, స్క్రూడ్రైవరు వల్ల ఎంత అంటే నేను చెప్పలేను. మావాడు షాపు మూసేయమనడం మానేశాడు. నేను కొన్న పెద్ద మిషన్ వృథా పోలేదు, అత్తయ్యగారి గదిలో మేకులు, అలమరలు అన్నీ దాంతోనే బిగించారు. గోడకి అది బంగారం.

పిన్నిగారు మొన్న మిక్సీ మళ్లీ తీసుకొచ్చారు, జారు గిన్నె కింద నీళ్లు కారుతున్నాయని. వచ్చి అక్కడే నిలబడ్డారు, కదల్లేదు. పాపం, ఆవిడ భయం ఆవిడది. మావారు మిక్సీ బోర్లించి, రబ్బరు కాళ్లు తీసి, స్క్రూలు విప్పారు. పని అయ్యాక మళ్లీ పెట్టేటప్పుడు వెనక్కి తిప్పారు. టిక్కుమంది. అప్పుడు మిషన్ ఆనించారు, సన్నగా గొణిగింది, తల ఆనేలోపే ఎత్తేశారు. చివరి పావు మెలిక చేత్తో. నాలుగు స్క్రూలూ అంతే. పిన్నిగారు అడుగు వేలితో తడిమి చూసుకుని, "బావుందయ్యా నీ కొత్త బొమ్మ" అన్నారు.

ఇప్పుడు రాత్రి వంటిల్లు సర్దాక నా ఫోన్ పక్కనే దాన్నీ ఛార్జింగుకి పెడతాను. మర్చిపోయిన రోజు పొద్దున్నే ఆయనకి కోపం వస్తుంది. నిన్న కూడా కాఫీ గ్లాసు కుడి చేత్తో పట్టుకుని, "ఏమే, నా స్క్రూడ్రైవరు పెట్టావా లేదా?" అని కేకేశారు. పెట్టలేదు. తిట్లు తిన్నాను. హాయిగా అనిపించింది.